పాత పికప్‌ను ఎంతవరకు దించొచ్చు?

1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి10 పికప్‌ను ఖాళీగా ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి. ముక్కు కిందికి, తోక పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. వెనక తొట్టిలో సరుకు పడ్డాక బండి సమంగా కూర్చోవాలని కంపెనీవాళ్లు లెక్కగట్టి పెట్టిన ఎత్తు అది. అమెరికాలో ఆ బండి వయసు ఇప్పుడు యాభై దాటింది. దాంట్లో దాణా బస్తాలు, కంచె స్తంభాలు ఎక్కించే రైతులు కొద్దిమందే మిగిలారు. ఆదివారం ఉదయం బయటికి తీసి ఊరంతా ఓ చుట్టు తిప్పుకొచ్చేవాళ్లే ఎక్కువ. సరుకే లేనప్పుడు సరుకు కోసం పెట్టిన ఎత్తెందుకని వాళ్ల వాదన. పాత పికప్ కొన్నవాళ్లలో చాలామంది ఇంజిన్ జోలికి పోకముందే సస్పెన్షన్ దించే పనికి దిగేది అందుకే.

మన దగ్గర సంగతి తలకిందులు. లోడు బండి కొన్నవాడు ముందు కమాన్ షెడ్డుకు వెళ్లి అదనంగా ఒక పట్టీ వేయిస్తాడు. బండి పైకి లేస్తే మోత పెరుగుతుందని నమ్మకం. అందుకే పనిగట్టుకుని డబ్బు పోసి బండిని కిందికి దించుకునే ఈ అమెరికన్ అలవాటు మొదట వింతగానే తోస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే దీని వెనక డెబ్భై ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది, గట్టి ఇంజినీరింగ్ ఉంది, దానికి సమానంగా మూర్ఖత్వమూ ఉంది. ఈ మూడింటినీ విడదీసి చూడకుండా దించొచ్చా, కూడదా అని వాదించుకుంటే తేలేదేమీ ఉండదు.

చరిత్ర దక్షిణ కాలిఫోర్నియాలో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు పాత షెవర్లేలు చవగ్గా కొని, డిక్కీలో ఇసుక మూటలు వేసి, స్ప్రింగులు కోసి, బండిని నేలకు దగ్గరగా తెచ్చి విటియర్ బూలవార్డ్ మీద నింపాదిగా నడిపేవారు. వేగంగా పోయే హాట్ రాడ్లకు అది వాళ్ల జవాబు. ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. 1950ల చివర్లో కాలిఫోర్నియా వాహన చట్టంలోకి 24008 అనే సెక్షన్ వచ్చింది. బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు అంచు కంటే కిందికి రాకూడదని దాని సారాంశం. 1959లో రాన్ అగిరే అనే యువకుడు దీనికో విరుగుడు కనిపెట్టాడు. విమానాల నుంచి ఊడదీసి అమ్మేసిన హైడ్రాలిక్ పంపులు తెచ్చి, ఎక్స్‌సానిక్ అని పేరు పెట్టుకున్న తన 1957 కార్వెట్‌లో బిగించాడు. పోలీసు కనబడితే మీట నొక్కి బండి లేపడం, ఆయన పోయాక దించడం! ఇవాళ గాలి సంచులతో, రిమోట్లతో జరుగుతున్న తతంగమంతటికీ మూలం ఆ దొంగాటే.

2023 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ సంతకం చేసిన ఏబీ 436 చట్టంతో 24008 రద్దయింది. ఊళ్లలో నెమ్మదిగా ఊరేగడం మీద ఉన్న నిషేధాలు కూడా 2024 జనవరి 1 నుంచి పోయాయి. ఇలా బండ్లు దించుకుని తిరిగే లోరైడర్ల సంఘాలు దాన్ని పండగలా చేసుకున్నాయి. రద్దయిన పాత సెక్షన్‌ను మెక్సికన్ పేటల మీద కక్షసాధింపుగా వాడారన్న వాళ్ల ఆరోపణ కొట్టిపారేసేది కాదు. కానీ ఆ సెక్షన్‌లోని కొలత మాత్రం తెలివైనదే. బండ్లు కట్టే మంచి మేస్త్రీలు స్క్రబ్ లైన్ అంటూ పాటించే నియమం కూడా అదే. టైరు పేలి బండి రిమ్ము మీద కూర్చున్నా ఫ్రేము, స్టీరింగ్ రాడ్లు, నూనె తొట్టె రోడ్డును తాకకూడదు. తాకితే స్టీరింగ్ చేతిలో ఉండదు. చట్టం పోయినంత మాత్రాన ఈ నియమం పోదు.

పికప్‌ల సంగతికి వస్తే, 1970లలో జపాన్ నుంచి వచ్చిన చిన్న ట్రక్కులే అసలు ప్రయోగశాల. 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి షెవర్లే లవ్, ఫోర్డ్ కొరియర్ లాంటివి తొట్టి లేకుండా ఓడ దిగి, అమెరికాలో తొట్టి తగిలించుకునేవి. చవక బండ్లు కాబట్టి కుర్రాళ్లు వాటిని భయం లేకుండా కోసి చూశారు. ఫ్రేమును నెలవంకలా కోయడం, గాలి సంచులు పెట్టడం అక్కడే పండి, తర్వాత సి10 లాంటి పెద్ద ట్రక్కుల మీదికి ఎక్కాయి.

సి10నే ఎందుకు పట్టుకున్నారంటే దానికి కారణం ఉంది. 1960లో జనరల్ మోటార్స్ తన పికప్‌లకు ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చింది. మొదటి మూడేళ్లు టార్షన్ బార్లు, 1963 నుంచి కాయిల్ స్ప్రింగులు. వెనక కూడా సి10కు మామూలుగా కాయిల్ స్ప్రింగులే, వాటిని మోసే పొడవైన ట్రైలింగ్ ఆర్మ్‌లు. కమాన్ పట్టీలు అదనపు ఎంపికగా ఉండేవి. పొలం పని చేసే బండికి ఆ రోజుల్లో ఇంత మెత్తటి ఏర్పాటు అరుదు. కాయిల్ అంటే దించడం సుళువు. అది ఊడదీసి పొట్టిది పెడితే సరి అనిపిస్తుంది. తంటాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ముందువైపు దించడానికి రెండు సరైన దారులున్నాయి, రెండు దొంగదారులున్నాయి. దొంగదారుల్లో మొదటిది గ్యాస్ మంటతో స్ప్రింగును వేడిచేసి కూలబెట్టడం. ఉక్కుకు పట్టించిన పదును ఆ మంటతో పోతుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కూలుతుంది, ఆ తర్వాత కూడా కూలుతూనే ఉంటుంది. దీని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు. రెండోది స్ప్రింగులో ఒక చుట్టు కోసేయడం. ఇది మొదటిదంత చెడ్డది కాదు. పాత మేస్త్రీలు చాలామంది చేశారు. కాకపోతే స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. 8 చుట్లలో 1 తీస్తే మిగిలిన 7 చుట్ల స్ప్రింగు సుమారు 14 శాతం గట్టిపడుతుంది. ఒకటి కోస్తే ఎంత దిగుతుందో ముందే చెప్పడం కష్టం. ఎక్కువ కోశాక అతికించడం అసాధ్యం. దించడానికని పొట్టిగా, సరైన గట్టిదనంతో చుట్టిన స్ప్రింగులు దొరుకుతున్న ఈ రోజుల్లో కటింగ్ బ్లేడు పట్టుకోవడానికి సాకు లేదు.

సరైన దారుల్లో ఆ పొట్టి స్ప్రింగులు ఒకటి, డ్రాప్ స్పిండిల్ మరొకటి. చక్రం హబ్బు తిరిగే ఇరుసు ముక్కను రెండు బాల్ జాయింట్ల మధ్య ఉండాల్సిన చోటు కంటే పైకి జరిపి పోతపోస్తే అదే డ్రాప్ స్పిండిల్. సి10కు సాధారణంగా దొరికేవి 2.5 అంగుళాలు దించుతాయి. చక్రం పైకి పోయింది కాబట్టి బండి కిందికి వచ్చింది. స్ప్రింగు ముట్టుకోలేదు, కంట్రోల్ ఆర్మ్‌ల కోణం మారలేదు, సస్పెన్షన్ పైకి పోయి ఆగే రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాపు దాకా ఉన్న ప్రయాణం తగ్గలేదు. దించడంలో ఏమీ పోగొట్టుకోకుండా వచ్చే 2.5 అంగుళాలు ఇవొక్కటే. పైగా 1971కి ముందు సి10ల ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉండేవి, 1971 నుంచి డిస్కులు వచ్చాయి. డ్రాప్ స్పిండిల్ కిట్లు ఎక్కువగా డిస్కు బ్రేకుల కోసం చేసినవే. పాత బండికి ఇవి వేస్తే ఎత్తు తగ్గడంతో పాటు బ్రేకులూ బాగుపడతాయి. కొన్నిటికి చిన్న రిమ్ములు పట్టవు, కొన్నిటితో చక్రం కాస్త బయటికి జరుగుతుంది. కొనేముందు అడిగి తెలుసుకోవాల్సినవి అంతే. నా ఓటు నిస్సంకోచంగా స్పిండిల్‌కే. అది వేశాక ఇంకా దించాలనిపిస్తే ఒకటి, మహా అయితే రెండు అంగుళాలు స్ప్రింగుతో దించాలి. ఈ వరస మార్చకూడదు.

ఈ పని ఇంట్లో చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క ఘట్టం వివరంగా చెప్పాలి. బండి ఫ్రేమును స్టాండ్ల మీద పెట్టి, చక్రం ఊడదీసి, షాక్ అబ్జార్బర్ తీశాక, కింది కంట్రోల్ ఆర్మ్‌కూ క్రాస్‌మెంబర్‌కూ మధ్య స్ప్రింగు నొక్కుకుపోయి కనిపిస్తుంది. బండి ముందు బరువులో సగం మోసే స్ప్రింగు అది. బాల్ జాయింట్ ఊడగానే అది ఒక్కసారిగా బయటికి తన్నగలదు. అందుకే జాకీని కింది ఆర్మ్ అడుగున పెట్టి కాస్త బరువు పట్టించాలి. స్ప్రింగు చుట్ల మధ్య నుంచి ఇనుప గొలుసు దూర్చి ఫ్రేముకు కట్టాలి. బాల్ జాయింట్ నట్టును పూర్తిగా తీయకూడదు, నాలుగైదు మరలు పట్టి ఉండగానే ఆపాలి. తర్వాత సుత్తి దెబ్బ మర కొస మీద కాకుండా జాయింట్ దిగి ఉన్న స్పిండిల్ కన్ను పక్కన పడాలి. రెండు మూడు గట్టి దెబ్బలకు టక్కున వదులుతుంది. నట్టు మిగిలి ఉంది కాబట్టి అది పడిపోదు. ఆ తర్వాతే నట్టు తీసి, జాకీని వేలెడు వేలెడు చొప్పున దించుతూ స్ప్రింగు వదులు కానివ్వాలి. అంతసేపూ మొహం దాని ఎదురుగా పెట్టకూడదు. ఈ ఓపిక లేనివాళ్లు షెడ్డుకు డబ్బిచ్చి చేయించుకోవడమే మేలు.

ముందు దించాక అలైన్‌మెంట్ చేయించకపోతే పని సగంలో ఆపినట్టే. కింది ఆర్మ్ పైకి తిరిగినకొద్దీ చక్రం నెత్తి లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు అరిగిపోతుంది. ఇది అందరికీ తెలుసు. తెలియనిది క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం సంగతి. ఈ ట్రక్కుల క్యాస్టర్ లెక్కలు రేడియల్ టైర్లకు ముందు కాలంలో, చేతి బలంతో తిప్పే స్టీరింగ్ కోసం వేసినవి. ఇప్పటి టైర్లతో, పవర్ స్టీరింగ్‌తో హైవే మీద స్థిరంగా పోవాలంటే 3 నుంచి 5 డిగ్రీలు ఉండాలని అనుభవజ్ఞులు కోరుకుంటారు. పై ఆర్మ్ వెనక పెట్టే పలచని షిమ్ములతో అంత రాదు. అందుకే గొట్టంతో చేసిన పై ఆర్మ్‌లలో క్యాస్టర్‌ను ముందే కలిపి అమ్ముతున్నారు. మెరిసే రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ గానీ, వాటి అసలు విలువ అందులో ఉంది.

ఇక వెనక. నన్నడిగితే ఈ బండి మొత్తంలో అందమైన భాగం ఇదే. అడుగున పడుకుని చూస్తే, గేర్‌బాక్సు దగ్గరి క్రాస్‌మెంబర్ నుంచి రెండు పొడవాటి ఆర్మ్‌లు వి ఆకారంలో విప్పారుతూ వచ్చి వెనక యాక్సిల్‌ను పట్టుకుంటాయి. ఒక్కో ఆర్మ్ రెండు రేకు చానళ్లను వీపు వీపు ఆనించి రివెట్లు కొట్టి చేసింది. గొట్టంలా మూసి లేదు కాబట్టి మలుపులో బండి ఒరిగినప్పుడు అది కాస్త మెలిక పడగలదు. యాభై ఏళ్ల మట్టి, నూనె కప్పేసిన ఆ రివెట్లు చూసి ఇదేదో చవకబారు పని అనుకుంటాం. అమెరికాలో స్టాక్ కార్ పందేల రారాజు నాస్కార్ తన కప్ కార్లలో దశాబ్దాల పాటు వాడింది ఈ ట్రక్ ఆర్మ్ పద్ధతినే. 2022లో కొత్త తరం కారు వచ్చేదాకా గంటకు 300 కిలోమీటర్లు దాటే ఆ కార్ల వెనక యాక్సిల్‌ను పట్టుకున్నది ఈ పొలం బండి నుంచి పుట్టిన ఏర్పాటే. కాబట్టి దించబోతూ ముందుగా ఈ ఆర్మ్‌లను గ్యాస్‌తో కోసి పారేసి నాలుగు కడ్డీల ఫోర్ లింక్ వేయించమని ఎవరైనా చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. గాలి సంచులతో ఫ్రేమును నేలకు ఆనించాలనుకుంటే ఫోర్ లింక్ అవసరం పడొచ్చు. మామూలు దింపుకు అక్కర్లేదు.

వెనక 4 అంగుళాల వరకు దించడం పెద్ద విషయం కాదు. పొట్టి స్ప్రింగులు, పొట్టి షాక్ అబ్జార్బర్లు లేదా షాకుల పై కొస స్థానం మార్చే బ్రాకెట్లు ఉంటే చాలు. పాత షాకులనే ఉంచితే స్ప్రింగు కంటే ముందు షాకు అడుగంటుతుంది, గుంట పడ్డ ప్రతిసారీ దెబ్బ అదే తింటుంది. వారంలో షాకు లీకై, బండి గుర్రంలా ఎగిరితే తప్పు స్ప్రింగుది అనుకుంటారు.

చాలామంది కళ్లుగప్పి పోయేది పాన్‌హార్డ్ రాడ్. యాక్సిల్ పక్కలకు జరగకుండా ఒక కొస ఫ్రేముకు, ఒక కొస యాక్సిల్‌కు బిగించిన అడ్డకడ్డీ ఇది. అది సమంగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. బండిని దించితే ఒక కొస పైకి లేచి కడ్డీ ఏటవాలవుతుంది. దాంతో అడ్డంగా దాని కొలత తగ్గి యాక్సిల్ మొత్తం ఒక పక్కకు లాగుకుంటుంది. 30 అంగుళాల కడ్డీ అనుకుందాం. సమంగా ఉన్నదాని ఒక కొస 6 అంగుళాలు లేస్తే యాక్సిల్ 0.6 అంగుళం పక్కకు వచ్చేస్తుంది. అంటే రెండు పక్కలా టైరుకూ రేకుకూ మధ్య ఖాళీల్లో తేడా 1.2 అంగుళాలు. వెనక నిలబడి చూస్తే ఒక టైరు బయటికి పొడుచుకొచ్చి, ఇంకొకటి లోపలికి దూరిపోయి ఉంటుంది. తొట్టి వంకరగా బిగించారేమో అని బోల్టులు వదులు చేసి సర్దేవాళ్లను చూశాను. పొడవు మార్చుకునే వీలున్న పాన్‌హార్డ్ రాడ్ ఒకటి వేస్తే తీరిపోయే సమస్య ఇది.

వెనక 5 అంగుళాలు, ఆపైన దించాలంటే ఫ్రేము కోయక తప్పదు. యాక్సిల్ గొట్టానికి సరిగ్గా పైన ఫ్రేము పట్టా ఉంటుంది. బండి దిగినకొద్దీ ఆ రెండింటి మధ్య ఖాళీ తగ్గి, చివరికి ప్రతి గుంటలోనూ ఇనుము ఇనుమును కొడుతుంది. అందుకే ఫ్రేము అడుగున నెలవంకలా కోసి, చుట్టూ మందపాటి పట్టీ బిగిస్తారు. సి నాచ్ అంటారు దాన్ని. ఫ్రేములో కింది రెక్క తెగిందంటే దాని వంగే బలంలో పెద్ద వాటా పోయినట్టే. ఆ బలాన్ని తిరిగి ఇవ్వాల్సింది ఆ పట్టీ. రంధ్రాలు ముందే ఉన్న బోల్టు కిట్లు దొరుకుతాయి. వాటిని కొలత ప్రకారం బిగిస్తే చాలు. కోసి, పట్టీ సగం వెల్డింగ్ చేసి, మీద నల్లరంగు కొట్టి అమ్మే బండ్లు కూడా సంతలో ఉన్నాయి. కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ చోటే, రంగూ సీట్లూ తర్వాత.

ముందు 4, వెనక 6 అనే కొలత సి10 లోకంలో ఎందుకు స్థిరపడిందో ఇప్పుడు అర్థమవుతుంది. మొదట చెప్పిన తోక ఎత్తును ఆ 2 అంగుళాల తేడా తుడిచేస్తుంది. ముందు 2.5 స్పిండిల్‌తో, మిగిలింది పొట్టి స్ప్రింగుతో వస్తాయి. వెనక 6కు నాచ్ ఒకటి కావాలి. ఆ కొలతలో బండి కంటికి నిండుగా ఉంటుంది, నడపడానికీ వీలుగా ఉంటుంది.

సి10 సంగతి ఇంత చెప్పి మిగతావాటి గురించి తక్కువ చెప్పడం అన్యాయమే గానీ, వాటిలో చెప్పాల్సింది కూడా తక్కువే. 1973-87 షెవర్లేలకు వెనక కమాన్ పట్టీలు, యాక్సిల్ వాటి కింద ఉంటుంది. ఫ్లిప్ కిట్‌తో యాక్సిల్‌ను పట్టీల పైకి మారుస్తారు. ఒక్క దెబ్బతో 5, 6 అంగుళాలు దిగుతుంది, నాచ్ తప్పనిసరి. కార్లకు పెట్టే దింపుడు దిమ్మెలు ఈ ట్రక్కుకు పెడితే బండి దిగదు సరికదా పైకి లేస్తుంది. యాక్సిల్ పట్టీకి పైన ఉన్నప్పుడే దిమ్మె దించుతుంది. 1955కు ముందు వచ్చిన గుండ్రటి షెవర్లే 3100లు, 1950ల ఫోర్డ్ ఎఫ్100లు ముందు గట్టి యాక్సిల్ మీద నడిచేవి. వాటికి చాలామంది 1974-78 మస్టాంగ్ 2 తరహా ముందు సస్పెన్షన్ పెట్టిస్తారు. అది చిన్న కారు కోసం పుట్టిన డిజైన్. ఎంత బరువు ఇంజిన్ పెడుతున్నారో చూసుకుని, ట్రక్కుల కోసం బలంగా చేసిన రకాన్నే ఎంచుకోవాలి.

ఫోర్డ్ 1965లో తెచ్చిన ట్విన్ ఐ బీమ్ మాత్రం దించేవాళ్ల పాలిట తలనొప్పి. ఒక్కో చక్రాన్ని మోసే దూలం ఎదుటి పక్కన ఫ్రేముకు తగిలి ఊగుతుంది. గుంతల దారిలో, బరువు మోయడంలో దీని మొండితనం గొప్పది. పొట్టి స్ప్రింగు పెట్టారా, చక్రాలు రెండూ నెత్తులు లోపలికి వాల్చి నిలబడతాయి. ఊగే చోటు నుంచి చక్రం దాకా 36 అంగుళాలు ఉందనుకుంటే 3 అంగుళాల దింపుకు వాలు దాదాపు 4.8 డిగ్రీలు. అలైన్‌మెంట్‌తో సరిదిద్దగలిగేది కాదు అది. వంపు మార్చి పోతపోసిన డ్రాప్ బీమ్‌లు వేయాలి. లేదా కొందరు చేస్తున్నట్టు 2003-2011 క్రౌన్ విక్టోరియా కారు ముందు భాగం మొత్తాన్ని తెచ్చి ఫ్రేముకు కలపాలి. పాత పోలీసు కార్ల పుణ్యమా అని అవి విరివిగా దొరుకుతాయి. మంచి పని చేయగల మేస్త్రీ ఉంటే ఇదే ఉత్తమం, లేకపోతే డ్రాప్ బీమ్‌తో సరిపెట్టుకోండి.

గాలి సంచుల మీద గొడవ ఇంకా తెగలేదు. కంప్రెసర్, ట్యాంకు, వాల్వులు, నాలుగు రబ్బరు సంచులు ఉంటే మీట నొక్కి బండిని నేలకు ఆనించొచ్చు, బయల్దేరేముందు లేపొచ్చు. వాలు దారి, స్పీడ్ బ్రేకర్ వస్తే ఇంకాస్త లేపొచ్చు. వెలిసిపోయిన పెయింటును అలాగే ఉంచి, అడుగున మాత్రం గాలి సంచులు పెట్టి నేలకు ఆనించిన పాత ట్రక్కుల మోజు ఇప్పుడు జోరుగా ఉంది. టెక్సాస్‌లో హ్యూస్టన్‌కు ఉత్తరాన కాన్రోలో జరిగే లోన్ స్టార్ త్రోడౌన్ లాంటి ప్రదర్శనల్లో అలాంటివి వరసలు వరసలుగా ఉంటాయి. చూడముచ్చటే. అయితే రబ్బరు సంచి ఫ్రేముకు ఎక్కడైనా ఒరుసుకుంటే ఒకరోజు చిల్లి పడుతుంది. ట్యాంకులో చేరిన తేమ చలికాలంలో వాల్వును గడ్డకట్టిస్తుంది. ఒత్తిడిని మాత్రమే కొలిచే చవక కంట్రోలర్లకు బండిలో ఒకరు కూర్చున్నారో నలుగురో తెలియదు. ఎత్తును నేరుగా కొలిచే సెన్సర్లు ఉన్నదే కొనాలి. ప్రతి రెండు నెలలకూ సబ్బు నీళ్లతో గొట్టాల అతుకులు చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకు గాలి బాగానే పనిచేస్తుంది. ఆ అలవాటు లేనివాళ్లు ఉక్కు స్ప్రింగులతో ఉండటం మంచిది.

దించితే బండి రోడ్డు పట్టు పెరుగుతుందన్న మాట ఎంతవరకు నిజం? బరువు కేంద్రం కిందికి వస్తుంది, మలుపుల్లో బరువు ఒక పక్కకు ఒరగడం తగ్గుతుంది. ఇంతవరకు నిజం. కానీ ముందు సస్పెన్షన్‌కు రోల్ సెంటర్ అని ఒకటుంటుంది. బండి దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు. పొట్టి స్ప్రింగులతో బాగా దించితే ఆర్మ్‌ల కోణం మారి ఈ బిందువు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, దించాక కూడా బండి మునుపటిలాగే, కొన్నిసార్లు ఇంకా ఎక్కువగా ఒరుగుతుంది. స్పిండిల్‌తో దించితే ఆర్మ్‌ల కోణం మారదు కాబట్టి ఈ నష్టం తక్కువ. రెండో సంగతి, సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడే ప్రయాణం. ఒకే గుంట ఇచ్చే దెబ్బను సగం దూరంలో ఆపాలంటే సగటున రెట్టింపు బలం కావాలి. ఆ బలం ఫ్రేము మీద, సీటు మీద, నడుపుతున్నవాడి నడుము మీద పడుతుంది. రెండు మూడు అంగుళాల దింపు, కొత్త బుష్‌లు, కొత్త షాకులు, మందమైన యాంటీ రోల్ బార్ ఉన్న సి10 నిజంగానే మెరుగైన బండి. ఆ మెరుగులో సగానికి పైగా కొత్త బుష్‌లదీ షాకులదే అని నా అనుమానం. యాభై ఏళ్ల రబ్బరు ఊడదీసి కొత్తది పెడితే దించకుండానే తేడా తెలుస్తుంది.

అసలుతనం ముట్టుకోకూడదనే వాళ్లున్నారు. ఒక్క బోల్టు మారకుండా మిగిలిన బండ్లు రోజురోజుకూ తగ్గుతున్నాయన్న వాళ్ల బాధ న్యాయమైనదే. రాజీకి దారి కూడా ఉంది. స్పిండిల్, స్ప్రింగు, షాకు, పాన్‌హార్డ్ రాడ్ అన్నీ బోల్టులతో బిగించేవే. తీసినవి మూటకట్టి అటక మీద పెడితే రేపు ఎప్పుడైనా బండిని పాత రూపానికి తేవచ్చు. ఫ్రేము కోసినప్పుడే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. నిజంగా అరుదైన బండి అయితే 4 అంగుళాలతో ఆగి, నాచ్ జోలికి పోకపోవడమే మంచిదంటాను.

డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు ఒక సంగతి గమనించాలి. టెక్సాస్‌లో వ్యాపార వాహనాలు కానివాటికి ఏటేటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. 25 ఏళ్లు దాటిన బండ్లకు పొగ పరీక్ష కూడా లేదు. అంటే మీ సి10 ఫ్రేము వెల్డింగ్ ఎలా ఉందో, బాల్ జాయింట్ ఎంత అరిగిందో అడుగు చూసే అధికారి ఎవరూ ఉండరు. చూసుకోవాల్సింది మీరే.

భారతదేశంలో సంగతి వేరు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో మొదలుపెట్టిన వాహనాల కూర్పు పని 1954లో ఆగిపోయింది. సి10 పేరు పుట్టింది 1960లో. కాబట్టి మన పాత షెడ్లలో కనిపించే షెవర్లే లారీలు దానికంటే ముందుతరం. అలాంటిది మీ తాతగారిది ఒకటి ఉండి, దాన్ని దించాలనిపిస్తే ముందు రెండు నియమాలు చదవండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడొచ్చు. రెండోది 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నియమం. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఆ గుర్తింపు, వీఏ అక్షరాలున్న నంబరు పలక దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ఫ్రేము కోశారంటే ఆ గుర్తింపు మీద ఆశ వదులుకోవాల్సిందే. చట్టం అటుంచి దారి చూసినా అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే 4 అంగుళాలు. మన ఊళ్లలో ఆ ప్రమాణం చూసి వేసినవి ఎన్ని?

అమెరికాలో ఉండి, సి10 కొని, దించాలని నిశ్చయించుకున్నవాళ్లకు చివరిగా ఒక పని. ఏ కిట్టూ ఆర్డరు చేయకముందు తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నలుగురు మనుషుల్ని ఎక్కించి ఒకసారి, యాక్సిల్ గొట్టానికీ బంప్ స్టాపుకూ మధ్య ఖాళీని టేపుతో కొలిచి రాసుకోండి. ఎన్ని అంగుళాలు దించొచ్చో ఆ రెండు అంకెల్ని బట్టి తేల్చుకోండి. దించిన తర్వాత ఖాళీ బండిలో ఆ సందు 3 అంగుళాలకు తగ్గేటట్టుంటే నాచ్ వేయించండి, లేదా దింపు తగ్గించుకోండి.